యాదగిరి చేసిన ఫోన్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న మాటే. "అతను నాకు చెప్పలేదు" అన్నాను, అంతే. ఇవాళ దాన్ని దించుకోదలిచాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. కొండల మీద, అడవుల్లో వాన కొలిచే స్టేషన్లు పెడతాం. అక్కడ కరెంటు ఉండదు, సోలార్ పలకా బ్యాటరీయే దిక్కు. కొలత రేడియోలో కింద ఊరికి చేరాలి. రేడియో ఎంత దూరం అందుతుంది, బ్యాటరీ ఎన్ని మబ్బు రోజులు ఆగుతుంది, ఇవి తేల్చడం నా పని. కొండెక్కి వాటిని బిగించేది యాదగిరి. నల్గొండ వైపు మనిషి, నాకంటే పెద్దవాడు.

ఆరేళ్ల కిందట ఒక వాగుకు ఎగువన స్టేషన్ పెట్టాల్సి వచ్చింది. పెద్ద వాన పడితే దిగువ ఊరికి ముందే కబురు అందాలి. నేను కొండకు వెళ్లి చూడాల్సింది. వెళ్లలేదు. మా ఆఫీసు మేడ మీద ఒక రేడియో పెట్టి, రెండోదిచ్చి యాదగిరిని ఎల్‌బీ నగర్‌లో ఒక మేడ ఎక్కించాను. మధ్యలో అడ్డేమీ లేదు, మొదటిసారికే అందింది. దూరం ఇంచుమించు అంతేగా అని సరిపెట్టుకుని, చెట్లు కమ్మిన ఆ కొండకు అదే ఫలితం రాసేశాను. బ్యాటరీ కూడా దాన్ని బట్టే ఎంచాను.

బిగించిన రోజు యాదగిరి ఫోన్ చేశాడు.

"మేడం, ఈడ ఒక్కసారికి పోతలేదు. ఒక్క కొలతకు నాలుగైదు సార్లు పంపుతుంది. గిట్లయితే మబ్బు పడితే బ్యాటరీ ఆగదు. జర పెద్దది పంపుండ్రి."

"అన్నీ చూసే పెట్టానండీ. కంగారు పడకండి, వచ్చేయండి."

"మేడల మీద చూసిండ్రు మేడం. ఈడ చెట్లున్నయి గదా."

ఫోన్ పెట్టేశాను. అతను చెప్పింది అర్థం కాకనా? అర్థమయ్యే పెట్టేశాను. ఒప్పుకుంటే నేను కొండెక్కలేదన్న సంగతి బయటపడుతుంది.

ముసురు పట్టిన మూడో రోజు స్టేషన్ మూగబోయింది. ఆ రోజే వాగు పొంగింది. ఊళ్లో ఎవరో నీళ్లు చూసి కేకలేస్తే జనం బయటపడ్డారు, నా వల్ల మాత్రం కాదు. బిగింపులో లోపముందా, యాదగిరి ముందే ఏమైనా చెప్పాడా అని యజమాని అడిగారు. చెప్పలేదన్నాను. చెప్పానని అతను మొత్తుకున్నాడు. ఇంజనీరు మాటే చెల్లింది. ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో, విజయవాడ బస్సులు ఆగేచోట, ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాడు. మా ఊరికి వెళ్లినప్పుడల్లా అటు చూడకుండా బస్సెక్కుతాను. భయమా, సిగ్గా? రెండూనూ. మంచి ఇంజనీరునన్న పేరు మీద మమకారం కూడా, అతని పేరు చెడగొట్టి నిలబెట్టుకున్న పేరని తెలిసి కూడా.

నిన్న కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతూ, "కొండ మీద ఉన్నవాళ్ల మాట వినండి" అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చింది? రాత్రి కూర్చుని జరిగిందంతా కాగితం మీద రాశాను.

ఇవాళ యజమానికి ఉత్తరం ఇచ్చేశాను. దాని నకలు యాదగిరి చేతికివ్వడానికి మెట్రోలో వెళ్తున్నాను. క్షమించమని అందులో రాయలేదు, అడిగే మొహం నాకు లేదు. అతను చించి అవతల పారేసినా సరే, ఇవ్వకుండా మాత్రం తిరిగి రాను. ఉద్యోగం పోతే పోనీ. ఉత్తరంలో మొదటి వాక్యం ఇది: యాదగిరి ఆ రోజు ఫోన్ చేశాడు, ఎత్తింది నేనే.