ఊగని స్వరం

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి కూడా ఈ మూలకే బాగా వస్తుంది. నా మనవరాలి వయొలిన్ సంగతి చెబుతాను.

మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. పిల్ల చిన్నప్పటి నుంచి మన కర్ణాటక సంగీతమే నేర్చుకుంది. నిరుడు అబిడ్స్‌లో ఒక చర్చి హాల్లో సాధన చేసే ఆర్కెస్ట్రాలో చేరింది. వాళ్లు ఎత్తుకున్నది చాలా పాతకాలపు ఇంగ్లిష్ సింఫనీ. సింఫనీ అంటే పొద్దుపోయేదాకా సాగుతుందనుకున్నాను. ఇది అన్నం ఉడికేలోపు అయిపోతుంది. మొదట చలాకీగా పరుగెడుతుంది, సన్నాయిలాంటి ఓబోలు వయొలిన్లతో మాట్లాడుకుంటాయి. నడుమ నిదానిస్తుంది. చివర చిందెయ్యమంటుంది.

చిక్కంతా ఆ నిదానంలోనే వచ్చింది. అక్కడ స్వరం కదలకుండా నిలబడాలి. మా పిల్ల వేలేమో మన గమకాల అలవాటు కొద్దీ ప్రతి స్వరాన్నీ ఊపేస్తుంది. అందరూ తిన్నగా పోతుంటే ఈమె ఒక్కతే ఊగుతుంది. నేర్పే సారు కోప్పడలేదు గానీ, శనివారానికి కుదరకపోతే కచేరీలో కూర్చోబెట్టనన్నాడు.

పిల్లకు అన్నం సహించలేదు. చాప మీద కూర్చుని, వయొలిన్ కొసను పాదానికి ఆనించి, అదే ముక్క వాయిస్తూనే ఉంది. నేను వంకాయలు తరుగుతున్నాను.

"మళ్ల ఊపినవ్," అన్నాను.

"నాకు తెల్సు అమ్మమ్మా. నువ్వు జర ఊకో."

"గాడ ఎట్ల కూసుంటరు?"

"కుర్చీల. వయొలిన్ గడ్డం కింద పెట్టుకొని."

"మరి గీడ చాప మీద కూసుంటే, చెయ్యి మన కీర్తనే అనుకుంటది గద బిడ్డా."

"చేతికి గంత తెలివి ఉంటదా?"

"నీకంటె జర ఎక్కువనే ఉన్నట్టుంది."

మూతి ముడుచుకుంది గానీ, లేచి కుర్చీ లాక్కుంది. ఆ రోజూ ఊగింది. మర్నాడు కొంచెం తగ్గింది. శుక్రవారం నేను పప్పు తాలింపు పెడుతుంటే ఒక స్వరం వచ్చింది. గాలి ఆగినప్పుడు తీగ మీద చీర ఎలా వేలాడుతుందో, అలా ఉంది. గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. తాలింపు మాడింది.

శనివారం విని, సారు సరేనన్నాడు.

కచేరీ రోజు ముందు వరసలోనే కూర్చున్నాను. నిదానపు భాగం మొదలైంది. అంతమంది వయొలిన్లలో మా పిల్లది ఏదోనని ఎంత చెవి పెట్టినా దొరకలేదు. అన్నిట్లో కలిసిపోయింది. మన పిల్ల వాయిద్యం విడిగా వినబడాలనే ఎవరికైనా ఉంటుంది. ఆ పూట వినబడకపోవడమే నాకు హాయిగా ఉంది.

ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ ఇంట్లో వాళ్లంతా ఒక్క మాట మీద కలిసి మెలిసి బతకాలి.