మావయ్యగారితో గ్యాసు మంట చూసొచ్చాం

రాజోలు అవతల భూమిలోంచి గ్యాసు పడిందనీ, దాన్ని రాత్రీ పగలూ ఆకాశంలోకి మండిస్తున్నారనీ విని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. మేము మాత్రం వేడుక చూడ్డానికి వెళ్ళలేదు, మా అత్తయ్యగారి కంటి కోసం వెళ్ళాం. వేసవిలో అమలాపురంలో ఆవిడ కుడికంటికి శుక్లం తీశారు. చూపు బాగానే వచ్చింది కాని కన్ను ఎర్రబడి నీరు కారడం తగ్గలేదు. ఇంట్లో పొయ్యి దేనితో మండిస్తారని డాక్టరుగారు అడిగారు. కొబ్బరి మట్టలు, కాయ వలిచిన డొక్కలు అని చెప్పాం. ఆ పొగ మానితే గాని రెండో కన్ను ముట్టుకోనన్నారాయన. మాది రెండు గదుల ఇల్లు. వంట నేనే చేస్తాను, అయినా పొయ్యి రాజేస్తే పొగ ఇల్లంతా తిరుగుతుంది. వర్షాకాలంలో డొక్కలు తడిసి మరీ ఎక్కువ.

మా ఆయన ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. సిలిండరు కోసం ఎప్పుడో అమలాపురంలో పేరు రాయించారు. ఇన్నాళ్ళకి మా వంతు వచ్చింది. ఆ నెలాఖరులోగా డిపాజిట్టు కట్టకపోతే ఆ వంతు వేరేవాళ్ళకి పోతుందన్నారు. కట్టాల్సింది రెండు దింపుల డబ్బు. దింపు అంటే మనిషిని చెట్టెక్కించి కాయలు కోయించడం. మా పెరట్లో కాయల డబ్బంతా మావయ్యగారి చేతిలో ఉంటుంది. ఆయన కట్టనన్నారు. మన గడ్డలో పడ్డ గ్యాసుకి మనమే అమలాపురం వెళ్ళి డబ్బు పొయ్యడం ఏమిటి, రేపో మాపో గొట్టం వేసి ఇంటికే ఇస్తారు, అని ఆయన వాదన. వంటింటి గోడ బాగుచేయించినప్పుడు ఆ గొట్టం రావడానికని తాపీమేస్త్రి చేత ఒక కన్నం కూడా ఉంచారు. అందులోంచి ఇప్పటిదాకా వానజల్లు తప్ప ఏమీ రాలేదని అత్తయ్యగారు దెప్పుతుంటారు.

చివరికి మావయ్యగారు తానే వెళ్ళి అక్కడి ఆఫీసర్లని అడిగి వస్తానన్నారు. మా ఆయనకి సెలవు దొరకలేదు. కోడల్ని తీసుకెళ్ళమని అత్తయ్యగారు పట్టుబట్టారు. నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పారు. "ఆయన అక్కడ విన్నది ఇంటికొచ్చేసరికి వేరే మాటైపోద్దమ్మా. నువ్వెళ్ళి విను." పెళ్ళయి మూడేళ్ళయినా మావయ్యగారి ఎదట నేను ఆయ్, అలాగేనండీ తప్ప మాట్లాడి ఎరగను. వినడమే కదా అని ధైర్యం చేసి బయల్దేరాను.

మా కొత్తపేటలో తెల్లవారగానే మొదటి బస్సెక్కాం. పి.గన్నవరానికి టిక్కెట్టు రూపాయిన్నర లోపే. అక్కడ దిగి రాజోలు మీదుగా మలికిపురం వెళ్ళే బస్సు కోసం అరగంట నిలబడ్డాం. ఆ అరగంటలో స్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తినెయ్యడం మంచిది, తరవాత మలికిపురం దాకా కుదరదు. గన్నవరం దాటగానే అక్విడక్టు వస్తుంది. కింద గోదావరి పాయ, దాని మీద నుంచి కాలవ. నీటి మీద నీరు వెళ్ళడం నేనదే మొదటిసారి చూడ్డం. కిటికీ పక్కన కూర్చోండి.

మావయ్యగారు బస్సులో అందరికీ మా పని చెప్పేశారు. కండక్టరు టిక్కెట్లు చింపుతూ, "గ్యాసు చూడ్డానికాండీ? ఈ మధ్య అంతర్వేది వెళ్ళే జనం కంటే మీరే ఎక్కువైపోయేరు" అన్నాడు. బస్సంతా నవ్వింది. మావయ్యగారికి కోపం వచ్చింది. చూడ్డానికి కాదు, అడగడానికి అని ఆయన గట్టిగా చెప్పారు. నేను కొంగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మలికిపురం చేరేసరికి పది దాటింది. రోడ్డు పక్కన వలిచిన కాయలు గుట్టలుగా పోసి లారీలకి ఎత్తుతున్నారు. ఎక్కడికని మావయ్యగారు అడిగితే బొంబాయి అన్నారు. అక్కడి నుంచి రిక్షా మాట్లాడుకున్నాం. మూడు రూపాయలడిగాడు, రెండుకి వచ్చాడు. చివర చేలగట్ల మీద మాత్రం నడవాలి. వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు రాత్రన్నదే లేదని రిక్షా అతను తొక్కుతూనే చెప్పుకొచ్చాడు. ఆ వెలుగుకి కోళ్ళు గూళ్ళకి చేరడం మానేశాయట. కొత్త అల్లుళ్ళు అత్తారింట్లో మంచం ఎక్కడ వేసుకోవాలో తెలియక తిరిగి పోతున్నారట. నాకు నవ్వొచ్చింది గాని పక్కన మావయ్యగారున్నారు.

మంట కంటే ముందు చప్పుడు వినిపిస్తుంది. పెట్రోమాక్సు లైటుకి గాలి కొట్టాక వచ్చే బుస ఉంటుంది కదా, ఊరంత లైటు వెలిగిస్తే ఎలా ఉంటుందో అలాగన్న మాట. తరవాత కొబ్బరిచెట్ల పైనుంచి మంట కనిపిస్తుంది. ముళ్ళకంచె దగ్గర ఆపేస్తారు, అక్కడికే మొహం మీద వేడి తగులుతుంది. దగ్గరి చెట్ల ఆకు కొసలు ఎర్రబారి ఉన్నాయి. కంచె బయట గట్టు మీద ఊరి ఆడవాళ్ళు చాపలు పరిచి కొబ్బరి చిప్పలు ఆరబెట్టుకుంటున్నారు. ముసురు పట్టిన రోజుల్లో కూడా ఇక్కడైతే చిప్ప బూజు పట్టదని ఒకావిడ చెప్పింది. ఆ గ్యాసు వల్ల ఆ ఊరివాళ్ళ ఇళ్ళలోకి వచ్చింది నేను చూసినంతలో అదొక్కటే.

గేటు దగ్గర మమ్మల్ని లోపలికి వెళ్ళనివ్వలేదు. మావయ్యగారు ఊరుకునే మనిషి కాదు. జీపు ఒకటి బయటికి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు. అందులో ఉన్నాయన కుర్రవాడే, ఇంజనీరు. విసుక్కోకుండా దిగి మాట్లాడాడు. నేను గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక నిలబడి విన్నాను.

మా ఇళ్ళకి ఎప్పుడిస్తారని మావయ్యగారు అడిగారు. సిలిండర్లో వచ్చే గ్యాసు వేరు, ఇది వేరు అన్నాడతను. సిలిండరు గ్యాసు నొక్కితే నీళ్ళలా అయి కాస్త చోటులో బోలెడు పడుతుంది. ఇది అలా లొంగదు, గొట్టంలోనే నడిపించాలి. ఎంత వస్తుందో, ఎన్నాళ్ళు వస్తుందో తేలాలి, అందుకే ప్రస్తుతం మండిస్తున్నారు. పట్టి దాచడానికి చోటు లేదు. మావయ్యగారు వదల్లేదు.

"గొట్టాలు వేస్తారా, వెయ్యరా? అదొక్కటి చెప్పండి బాబూ."

"వేస్తామండీ. ముందు ఫ్యాక్టరీలకి. ఒక్క గొట్టం వేస్తే వాళ్ళే మొత్తం తీసేసుకుంటారు. ఇల్లిల్లూ తిరిగి వెయ్యాలంటే ఇన్ని కాలవలు, ఇన్ని పాయలు దాటాలి. పొయ్యికి పట్టే గ్యాసు గుప్పెడు, గొట్టం ఖర్చు బండెడు. ఇళ్ళకి ఎప్పుడో నేను చెప్పలేనండీ."

మావయ్యగారు దండం పెట్టి, మీసం దువ్వుకుంటూ వెనక్కి తిరిగారు.

కంచె పక్కనే కూలీలకి వండే రేకుల షెడ్డు ఉంది. దాహం వేసి నేను అక్కడికి వెళ్ళాను. వంట చేసే పెద్దాయనొకడు సరుగుడు కట్టె చీలుస్తున్నాడు. ఆయన వెనక ఆకాశమంతా మండుతోంది, ముందు పొయ్యి పొగేస్తోంది. కళ్ళు తుడుచుకుంటూ నాకు చెంబుతో నీళ్ళిచ్చాడు. పెద్దవాడు కదా అని నేనే అడిగాను.

"మీకు కూడా ఇవ్వరాండీ ఆ గ్యాసు?"

"ఆ మంట మీదికి గుండిగ ఎత్తే మగాడు ఇంకా పుట్టలేదమ్మా" అన్నాడాయన. ఆఫీసర్ల వంటకి రెండు సిలిండర్లున్నాయనీ, అవి రాజమండ్రి నుంచి లారీలో వస్తాయనీ, లారీ ఆలస్యమైతే వాళ్ళకీ ఈ కట్టెలేననీ చెప్పాడు. మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఆ కట్టెల వంక చూశారు. మలికిపురంలో భోజనం చేశాం, అరిటాకులో రొయ్యల ఇగురుతో నాలుగు రూపాయలు, బాగుంది.

తిరుగు ప్రయాణంలో మావయ్యగారు బస్సులో వాళ్ళకి గొట్టాలు వేస్తారట అని చెబుతూనే ఉన్నారు. ఫ్యాక్టరీల సంగతి ఒక్కరికీ చెప్పలేదు. అత్తయ్యగారు అడిగితే నేనేం చెప్పాలి? చెబితే ఆయన మాట కొట్టేసినట్టు. చెప్పకపోతే ఆ కన్ను అంతే. ఉదయం చూసిన బొంబాయి లారీలు గుర్తొచ్చాయి. మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. అయినా తలకి రాసుకునే నూనె కొట్లో డబ్బా కొంటాం. కాయ మనదే. ఆడించినవాడు, డబ్బా చేసినవాడు, లారీవాడు మనవాళ్ళు కారు కదా.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. మావయ్యగారు కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టారు. "గొట్టాలు వేస్తారు. ఆఫీసరుగారు స్వయంగా చెప్పేరు. డిపాజిట్టు దండగ."

అత్తయ్యగారు నా వైపు తిరిగారు. "అంతేనామ్మా ఆయన చెప్పింది?"

విన్నది విన్నట్టు చెప్పాను. "వేస్తారన్నది నిజమేనండీ. ఫ్యాక్టరీలకన్నారండీ. ఇళ్ళకి ఎప్పుడో చెప్పలేనన్నారండీ."

"నువ్వు గొడుగు చాటున ఉన్నావు కదా" అన్నారు మావయ్యగారు.

"గొడుగు చాటుకి కూడా వినపడిందండీ."

మా ఆయన నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని నూనె డబ్బా సంగతి కూడా చెప్పేశాను. కాయ మనదైనా నూనె కొంటున్నట్టే ఇదీనండీ, గ్యాసు మన భూమిలోదే అయినా పొయ్యి దాకా తెచ్చే ఖర్చు మనమే పెట్టుకోవాలండీ, అన్నాను. అంత పొడుగు మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. మావయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"ఆ మంట పక్కనే వంటవాడు కట్టెలు చీలుస్తున్నాడే" అన్నారు అత్తయ్యగారితో. "నేనూ చూసేను." తరవాత మా ఆయన్ని అడిగారు, "అమలాపురం బస్సు పొద్దున్న ఎన్నింటికిరా?"

సిలిండరు వచ్చి మూడు వారాలైంది. చౌకేం కాదు, అందుకే నీళ్ళు కాచుకోవడం ఇప్పటికీ పెరట్లో డొక్కల మీదే. అత్తయ్యగారి కన్ను తేటపడింది, రెండో కంటికి వచ్చే నెల రమ్మన్నారు. నేను చదివింది ఐదో తరగతి, ధరలు ఎవరు ఎలా కడతారో నాకు పూర్తిగా తెలియదు. మన కాళ్ళ కింద ఉన్నది మన వంటింట్లో ఉన్నట్టు కాదని మాత్రం ఆ కంచె దగ్గర నిలబడ్డాక అర్థమైంది. మంట చూస్తే కోపం వస్తుంది, ఇంత వృథాగా పోతోందే అనిపిస్తుంది. ఆ కోపంతో మేము ఇంకో ఏడాది కూర్చుని ఉంటే నష్టం మంటకి కాదు, అత్తయ్యగారి కంటికి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. నైలాను చీర కట్టుకోవద్దు, వేడికి ఒంటికి అంటుకుంటుంది. ఇక అక్కడ ఎవరైనా ఆఫీసరు దొరికితే గొట్టాలు వేస్తారా అని అడక్కండి. ఎవరికి వేస్తారని అడగండి.