సిస్టర్ మార్త సైకిలుకు గట్టి బీబీ

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, వేసవి మొదట్లో, పోర్ట్ బ్లెయిర్‌లో మా ఆరోగ్య శాఖ వర్క్‌షాపుకు నేను మెకానికల్ ఫోర్‌మన్‌గా ఉండగా, నన్ను సైకిళ్ళ కొనుగోలు కమిటీలో సాంకేతిక సభ్యుడిగా వేస్తూ ఆర్డరు వచ్చింది. అప్పటిదాకా నా సర్వీసంతా జీపులు, అంబులెన్సులు, జనరేటర్లు, బోటు ఇంజన్లతోనే గడిచింది. రిటైరయ్యే ముందు నా చేతికి సైకిలు ఇస్తారా అని ఒళ్ళు మండింది. ప్రోతరాపూర్‌లో మా ఇంటికి వెళ్ళి చెబితే, మా ఆవిడ జాలిపడడానికి బదులు నవ్వి, పంక్చరు షాపు పెట్టుకోవడానికి ఇప్పటినుంచే ట్రైనింగ్ ఇస్తున్నారేమో అంది.

పని మాత్రం నవ్వులాట కాదు. బయటి దీవుల్లో కొన్ని ఆరోగ్య ఉపకేంద్రాల నర్సులు ఒకప్పుడు కలప లాగిన పాత అడవి బాటల మీద నడిచి పల్లెలకు వెళ్ళాలి. అక్కడ జీపు పోదు. మోటారు సైకిలు బురదలో దిగబడుతుంది, పైగా దానికి పెట్రోలు కూడా పడవలోనే రావాలి. మా డిప్యూటీ డైరెక్టర్ గారు మౌంటెన్ సైకిళ్ళు ఇచ్చి చూద్దామన్నారు. ముందు కొద్ది సైకిళ్ళతో ఒక వానాకాలం ట్రయల్, ఆ తర్వాత రిపోర్టు. రిపోర్టు బాగుంటే పథకం సాగుతుంది, బాగాలేకపోతే సైకిళ్ళు తిరిగి స్టోర్సుకు వస్తాయి.

ఆ నర్సుల్లో ఒకామె సిస్టర్ మార్త. మాలాగే ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పుట్టిల్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే, బతు బస్తీ. భర్త ఓడలో ఇంజను గదిలో పనివాడు, నెలల తరబడి నీళ్ళ మీదే ఉంటాడు. ఆమె, పదో తరగతి చదివే కూతురు ఉపకేంద్రం క్వార్టర్సులో ఉండేవారు. కొండ అవతలి పల్లెలకు నడిచి వెళితే ఆ రోజు తిరిగి రావడం కుదరదు. వారంలో రెండు రాత్రులు ఆమె అక్కడే ఎవరింట్లోనో పడుకోవాలి, ఇక్కడ పిల్ల పక్కింటివాళ్ళ దగ్గర పడుకోవాలి. ఆమె అప్పటికే బదిలీకి దరఖాస్తు పెట్టింది. ఆమె వెళ్ళిపోతే ఆ దీవికి ఇంకో నర్సు దొరకడం కష్టమని అందరికీ తెలుసు.

ఆమెకు సైకిలు తొక్కడం రాదు. నలభై దాటాక జెట్టీ దగ్గర మైదానంలో నేర్చుకుంది. పడినప్పుడల్లా అక్కడి జనం నవ్వారట. "నవ్వనీయండి ఫోర్‌మన్ గారూ. ఏ పూట వెళ్ళి ఆ పూట ఇంటికొచ్చేస్తే నాకదే చాలు," అని ఫోనులో అంది. నాకు ఆ మాట పట్టుకుంది. అంతకుముందు ఉన్న చిరాకు పోయి, సైకిలు గురించి నిజంగా చదవడం మొదలుపెట్టాను.

మౌంటెన్ సైకిలు అనగానే అందరూ గేర్లు, షాకులు చూస్తారు. నేను మొదట చూసింది క్రాంకులు, బాటమ్ బ్రాకెట్. పెడళ్ళను మోసే రెండు చేతులు క్రాంకులు. ఆ రెంటినీ కలిపే ఇరుసు, అది తిరిగే బేరింగులు కలిపి బాటమ్ బ్రాకెట్. మా ఊళ్ళో గోల్ ఘర్ సైకిలు షాపుల్లో దాన్నే బీబీ అంటారు. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే మనిషి బరువంతా దానిమీదే పడుతుంది. మిగతా సైకిలు ఎంత బాగున్నా బీబీ పోతే అది తోసుకుపోయే బండే.

రకాలు చాలా ఉన్నాయి. కప్పుల్లో విడి గుండ్లు పోసి గ్రీజు పెట్టే పాతరకం చవక, కానీ మన ఉప్పుగాలికి ఆ గ్రీజు ఆగదు. ఫ్రేములోకి ఒత్తి బిగించే కొత్తరకం తేలిక, కానీ తీయాలన్నా పెట్టాలన్నా ప్రత్యేకమైన పనిముట్లు కావాలి, తేమకు కిర్రుమంటుంది. బోలు ఇరుసు, బయటి బేరింగుల రకం మంచి దృఢమైనది. కానీ దాని విడిభాగం చెన్నై నుంచి రావాలి, ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. అందుకని నేను మరలతో బిగించే, మూతవేసిన కార్ట్రిజ్ రకం రాశాను. అంటే ఇరుసూ బేరింగులూ ఒకే గొట్టంలో సీలు చేసి వస్తాయి. పాడైతే లోపల బాగుచెయ్యడమంటూ ఉండదు, మొత్తం తీసి కొత్తది పెట్టడమే. ఇరుసు కొసలు నాలుగు పలకలుగా ఉండేది అడిగాను, ఎందుకంటే అలాంటి క్రాంకును పుల్లరు అనే ఒక్క చిన్న పనిముట్టుతో ఎవరైనా ఊడదీయగలరు. క్రాంకులు పోతపోసినవి కాదు, ఫోర్జింగ్ చేసిన, అంటే అచ్చులో ఒత్తి సాగగొట్టిన అల్యూమినియంవి. పోతపోసినవి బండరాయికి తగిలితే చీలుతాయి. పళ్ళచక్రం స్టీలుది, విడిగా మార్చుకునేది. మార్త పొట్టి మనిషి కాబట్టి ఆమెకు పొట్టి క్రాంకులు. మరలన్నిటికీ గ్రీజు రాయాలని, మొదటి వారం తొక్కాక క్రాంకు బోల్టు మళ్ళీ బిగించాలని కూడా రాశాను. ఇవి చేయకపోతే ఒక లోహాన్ని ఇంకో లోహం పట్టేసుకుంటుంది, లేదా ఎడమ క్రాంకు వదులై ఊడుతుంది.

డిప్యూటీ డైరెక్టర్ గారికి ఖరీదైనదే గట్టిదని నమ్మకం. బోలు ఇరుసు రకమే తీసుకుందామన్నారు. దీవిలో విడిభాగం దొరకనిది ఎంత గట్టిదైనా మనకు గట్టిది కాదని వాదించాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, బాధ్యత నాదేనని నోట్‌ఫైలులో రాయించారు. ఇలాంటి విషయాల్లో మా ఆఫీసర్లు ఇంటికన్నా గుడి పదిలమనుకునే రకం.

సైకిళ్ళు దీవులకు చేరేసరికి వానలు మొదలయ్యాయి. మిగతా దీవుల సైకిళ్ళు బాగానే తిరిగాయి. మార్త సైకిలు మాత్రం కొన్ని వారాలకే పెడలు తొక్కితే ఇసుక నమిలినట్టు కరకరమంది. తర్వాత క్రాంకు అటూ ఇటూ ఊగింది. నేను కొత్త కార్ట్రిజ్, పనిముట్లు పంపితే అక్కడి పంపుహౌసు మెకానిక్కు మార్చాడు. కుడివైపు కప్పు మర తిరగబడి ఉంటుందని, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుందని ఫోనులో పదేపదే చెప్పాను. పాతది ప్లాస్టిక్ సంచిలో నాకు తిరిగి వచ్చింది. తుప్పు ముద్ద. వానలే కదా అనుకుని పక్కన పెట్టాను. కొత్తదీ కొన్ని వారాలకే పోతే, రెండోసారి ఇంకా మంచి కంపెనీది వెతికి పంపాను. అదీ అంతే వేగంగా పోయింది.

ఇక ఆఫీసులో నోళ్ళు లేచాయి. సిస్టర్ బరువుకి బేరింగులు ఏడుస్తున్నాయని ఒకడు వేళాకోళం చేశాడు. నువ్వోసారి ఆ కొండ ఎక్కిరా, ఎవరు ఏడుస్తారో చూద్దాం అని నేను కసిరాను. డిప్యూటీ డైరెక్టర్ గారు వేళాకోళం చేయలేదు, అంతకంటే పెద్ద పని చేశారు. సిస్టర్ మార్త సైకిలును సరిగా వాడడం లేదనీ, దాన్ని వెనక్కి తెప్పించి వేరే కేంద్రానికి ఇవ్వాలనీ డ్రాఫ్టు తయారు చేయించారు. మార్త మళ్ళీ నడక మొదలుపెట్టింది. పిల్ల మళ్ళీ పక్కింట్లో పడుకుంటోంది. ఆమె ఫోను చేసి, బదిలీ ఈసారి గట్టిగా అడుగుతానని చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మూడోది ఇంకా సైకిల్లోనే ఉంది. విప్పి పంపిన రెండో కార్ట్రిజ్ కూడా పడవలో వచ్చాక ఆ రెంటినీ బెంచీ మీద పక్కపక్కన పెట్టి కోయించాను. వానా బురదా బయటినుంచి వస్తే ముందు పాడవ్వాల్సింది క్రాంకు వైపు సీళ్ళు. అవి శుభ్రంగా ఉన్నాయి. తుప్పంతా లోపలివైపు, రెండు బేరింగుల మధ్య ఉంది. అంటే నీళ్ళు ఫ్రేము లోపల నిలిచి ఉన్నాయి. సీటు గొట్టం గుండా కొంత నీరు ఏ సైకిల్లోనైనా దిగుతుంది, అది పోవడానికే ఫ్రేములో బీబీ కూర్చునే గూడు అడుగున చిన్న రంధ్రం ఉంచుతారు. మరి ఈ నీరు ఎందుకు పోలేదు? కాగితం మీద తేలేది కాదని టూరు ప్రోగ్రాం రాసుకుని పడవెక్కాను.

ఆ దీవిలో జెట్టీ నుంచి అడవి బాట మొదలయ్యే చోటికి మధ్యలో ఒక క్రీకు, అంటే ఉప్పునీటి పాయ ఉంది. దాన్ని డుంగీలో, అంటే చిన్న ఇంజను పడవలో దాటాలి. డుంగీ నడిపేవాడు గురయ్య, శ్రీకాకుళం వైపు వాడు, పుట్టిందీ పెరిగిందీ మాత్రం దీవిలోనే. వాడి మనవడు పుట్టినప్పుడు మార్తే పురుడు పోసిందట. అప్పటినుంచి మార్త దీదీ అంటే వాడికి దేవతతో సమానం. రోజూ ఆమె సైకిలును డుంగీలో దాటించి తన షెడ్డులో పెట్టేది వాడే, నేను వెళ్ళేసరికి అది అక్కడే ఉంది. ఎంత మెరుస్తోందంటే నేను పంపినప్పుడు కూడా అంత మెరవలేదు.

నేను సైకిలును ఎత్తి తలకిందులు చేశాను. లోపల కొబ్బరిబొండాం ఊపినట్టు నీళ్ళు చప్పుడు చేశాయి. బీబీ గూడు అడుగు తడిమాను. రంధ్రం లేదు. ఉండాల్సిన చోట నున్నగా పడవ చిల్లులు పూడ్చే ఎపాక్సీ జిగురు ముద్ద, దానిమీద డుంగీకి వేసే నీలం పెయింటు.

"ఇదెవరు మూశారు?" అన్నాను.

గురయ్య ముఖం వెలిగిపోయింది. "నేనే సాబ్! కంపెనీవోడు చిల్లు ఒగ్గేశాడు, ఏటి మనుషులో! ఖారా పానీ, ఉప్పునీళ్ళ మీద తిరిగే బండికి అడుగున చిల్లు ఉంటాదా? దీదీ బండి కదాని బాగా గీకి, బాగా ఆరనిచ్చి ముద్దేశాను. ఇప్పుడు చుక్క లోపలికి పోదు."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పోదు సరే, లోపలున్నది ఎక్కడినుంచి పోతుంది అని అడిగాను. అసలు లోపలికి నీరెలా వెళ్ళింది సాబ్ అని వాడు ఎదురడిగాడు. దానికి జవాబు షెడ్డు గోడకే వేలాడుతోంది, పంపు గొట్టం. సముద్రం మీదినుంచి వచ్చిన ఏ ఇంజనునైనా వెంటనే మంచినీళ్ళతో బలంగా కడగాలి. ఇది దీవుల్లో ప్రతి పడవవాడికీ ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు. చిల్లు కనబడితే మూయాలి. ఇదీ అంతే. రెండూ పడవకు ప్రాణం నిలిపేవే. గురయ్య ప్రతి సాయంత్రం దీదీ సైకిలును పంపుతో కడిగేవాడు, సీటు కింద ఉప్పు ఎక్కువ పడుతుందని అక్కడ మరీ శ్రద్ధగా. ఆ నీరంతా సీటు గొట్టంలోంచి దిగి బీబీ దగ్గర చేరి, బయటికి దారిలేక అక్కడే ఉండిపోయేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అక్షరాలా అదే. మిగతా దీవుల్లో క్రీకు లేదు, డుంగీ లేదు, ఇంత ప్రేమగా కడిగేవాడూ లేడు. అందుకే ఆ సైకిళ్ళు బతికాయి.

అప్పటికి మార్త కూడా వచ్చింది. సైకిలును మళ్ళీ నిలబెట్టి, చేతి డ్రిల్లుతో ముద్ద తొలిచాను. ఎర్రటి నీళ్ళు ధారగా కారి ఆమె చెప్పులు తడిపాయి. గురయ్య ఆ నీళ్ళ వంక చూసి, తర్వాత ఆమె వంక చూశాడు. "దీదీ, మీరు నడిసింది నా వల్లా?" అన్నాడు. మార్త తడుముకోకుండా, "నీవల్ల నా బండంత అందంగా ఈ దీవిలో ఇంకో బండి లేదు భయ్యా. ఇక అందం తగ్గించి ఆయుష్షు పెంచు," అంది. వాడు నవ్వలేకపోయాడు గానీ తల ఊపాడు.

పాడైన మూడోదాన్ని తీసి, గూడు ఆరబెట్టి, గ్రీజు రాసి, మొదట ఎంచుకున్న మామూలు కార్ట్రిజ్‌నే మళ్ళీ బిగించాను. సీటు గొట్టం చీలిక మీద పాత ట్యూబు ముక్క తొడిగాను. పంపు గొట్టం వద్దు, బకెట్టూ గుడ్డా చాలన్నాను. అయితే ఊరికే వద్దంటే గురయ్య చేతులు ఊరుకోవని నాకు తెలుసు. అందుకని వాడికి పని అప్పగించాను. రోజూ సైకిలును ముందు చక్రం పైకెత్తి నిలబెట్టి అడుగు రంధ్రంలో పుల్ల ఆడించాలి. ఆదివారం క్రాంకు పట్టుకుని పక్కలకు ఊపి చూడాలి, ఏమాత్రం ఆడినా నాకు ఫోను చేయాలి. వాడు ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఫోను చేసి, "హిల్‌తా నహీ సాబ్, కదల్దు, రాయిలాగుంది," అని చెప్పేవాడు. కొన్నాళ్ళకు నేను ఆ ఫోను కోసం ఎదురుచూసేవాణ్ణి.

తిరిగొచ్చి డిప్యూటీ డైరెక్టర్ గారి బల్ల మీద కోసిన రెండు కార్ట్రిజ్‌లు పెట్టి జరిగింది చెప్పాను. ఒక్క చిల్లుకు ఇంత కథా అని ఆయన చాలాసేపు నవ్వి, ఆ డ్రాఫ్టు ఆయనే చించేశారు. ఖరీదైన రకం మాట మళ్ళీ ఎత్తలేదు. వానాకాలం ముగిసేదాకా ఆ బీబీ కదల్లేదు. మార్త పొద్దున్న కొండ దాటి, చీకటి పడేలోపు క్వార్టర్సుకు వచ్చేసేది. అక్కడినుంచి పరీక్షలయ్యేదాకా పిల్ల తన మంచం మీదే పడుకుంది. బదిలీ దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నట్టు ఆమె రాసిన కాగితం మా ఆఫీసు గుండానే పైకి వెళ్ళింది.

నేను రిటైరయ్యాక కూడా సైకిలు కొనేవాళ్ళు వచ్చి ఏ క్రాంకు మంచిది, ఏ బీబీ మన్నుతుందని అడుగుతుంటారు. మరల రకం, మూతవేసిన కార్ట్రిజ్, ఫోర్జింగ్ క్రాంకు అని ఇప్పటికీ అదే చెబుతాను. అయితే దానికి ముందు ఒక ప్రశ్న వేస్తాను, ఆ ఉద్యోగం నాకు నేర్పింది అదొక్కటే: సైకిలును కడిగేది ఎవరు?