బజారులో మోగిన బూట్లు

మొన్న మాచర్ల నుంచి వచ్చిన బస్సులో, బట్టల కొట్టు సంచీలో పెట్టి, పాత లుంగీ ముక్కలో చుట్టి, మా తమ్ముడి కొడుకు పంపిన ఎడమకాలి బూటు నరసరావుపేటలోని మా ఇంటికి క్షేమంగా చేరింది. కుడికాలిది ఎప్పుడూ నా దగ్గరే, బీరువా పై అరలో, నా బైబిలు పక్కన ఉంటుంది. రెండింటినీ వరండాలో పక్కపక్కన పెట్టుకుని ఆముదం రాస్తూ కూర్చుంటే మా మనవరాలు, నా కూతురి కూతురు, ఆ వాసనకు ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తింది. పరుగెత్తనీ. దాని కోసమే కదా ఆ బూటు అంత దూరం ప్రయాణం చేసి వచ్చింది.

మా కుటుంబంలో ఎవరికి మొదటి ఉద్యోగం వచ్చినా ఈ జత ఒకచోట చేరాలి, ఉద్యోగంలో చేరే రోజున గడప పక్కన నిలబెట్టాలి, వెళ్లేవాళ్లు వాటి పక్కన నిలబడి తమ చెప్పులు వేసుకుని బయలుదేరాలి. ఇది మా అమ్మ పెట్టిన ఆచారం. నాన్న పోయాక పంచడానికి పెద్ద ఆస్తేమీ లేక, అమ్మ నాకూ తమ్ముడికీ ఈ బూట్లు చెరొకటి ఇచ్చింది. జతను విడదీస్తారా ఎక్కడైనా అని చుట్టాలు నవ్వారు. ఒక్కరి దగ్గరే ఉంటే రెండోవాళ్లు మరిచిపోతారనీ, చెరొకటి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కలవక తప్పదనీ అమ్మ ఆలోచన. అది ఎంత గట్టి ఆలోచనో నాకు ఈ వయసులో తెలుస్తోంది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ పెద్ద యుద్ధం ముగిసి పట్టాళం నుంచి మగవాళ్లు తిరిగొచ్చిన రోజుల్లో మన పల్నాటి ఊళ్లల్లో ఎన్ని వింత వస్తువులు దిగాయో. ఒకరింట్లో ఖాకీ గుడ్డ తొడిగిన నీళ్ల సీసా, ఒకరింట్లో ఫిరంగి గుండు తాలూకు ఇత్తడి తొడుగు, దాంట్లో ఆ ఇల్లాలు పప్పుగుత్తీ గరిటెలూ పెట్టుకునేది. ఇంకొకరింట్లో మోకాళ్ల దాకా వచ్చే ఉన్ని కోటు. దాని సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, మన ఎండలకు దాన్ని తొడుక్కునే దారి లేక జొన్నచేలో దిష్టిబొమ్మకు తొడిగారు. బర్మా అడవులు చూసి వచ్చిన కోటు పాపం పిట్టల్ని తోలుతూ ముసలిదైపోయింది.

మా నాన్న తెచ్చుకున్నవి ఈ బూట్లు. మందపాటి తోలు, అడుగున ఇనప మేకులు, మడమకు లాడం.

మాది గురజాలకూ మాచర్లకూ నడుమ ఉన్న ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరి చివరి పేట. మావాళ్లు తోలు పనివాళ్లు, అప్పటికే క్రీస్తు మతంలో కలిశారు. మోటబావికి తోలు బొక్కెన కుట్టాలన్నా, రైతులకు చెప్పులు కుట్టాలన్నా మా తాతే కుట్టాలి. ఊరి మధ్య పెద్దింట్లో ఉండే భూస్వామిని మేమంతా అయ్య అనేవాళ్లం. ఆ అయ్యకు మా తాత కుట్టే కిర్రు చెప్పులంటే ప్రాణం. అట్టల మధ్య ఏం పెట్టి కుట్టేవాడో గానీ, అడుగు తీసి అడుగు వేస్తే కిర్రు కిర్రుమంటూ ఆయన వస్తున్న సంగతి బజారుకంతా ముందే తెలిసిపోయేది. ఆ చెప్పులు కుట్టిన మా తాత మాత్రం నాపరాళ్లు పరిచిన ఆ బజారులో అడుగుపెట్టే ముందు తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. ఆయన ఒక్కడే కాదు, మా పేటలో ఆడా మగా అందరూ అంతే. మన పల్నాటి ఎండల్లో, మిట్టమధ్యాహ్నం, ఆ రాళ్ల మీద ఒట్టి కాళ్లతో నడవడమంటే ఏమిటో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా నాయనమ్మ నన్ను చంకనేసుకుని, పెదవి కొరుక్కుంటూ, గబగబా నడిచి ఆ బజారు దాటేది.

కూలి దొరకని ఏడు నాన్న పట్టాళంలో చేరాడు. ఆయన తుపాకీ పేల్చిన మనిషి కాదు, సామాన్లు మోసే కంచరగాడిదలకు జీనులూ పట్టెడలూ కుట్టేవాడు. విచిత్రం ఏమిటంటే, దాదాపు అదే రోజుల్లో పెద్దింటి కొడుకు, అందరూ చినబాబు అని పిలిచే ఆయన, తండ్రితో పోట్లాడి ఇంట్లో చెప్పాపెట్టకుండా వెళ్లి తనూ పట్టాళంలోనే చేరాడు. మా ఊరి నుంచి యుద్ధానికి వెళ్లింది ఈ ఇద్దరే. నాన్న క్షేమం అప్పుడప్పుడూ తెలిసేది గానీ చినబాబు నుంచి కబురే లేదు. యుద్ధం అయిపోయింది, నెలలు గడిచాయి, పోయాడనే ఊరంతా అనుకుంది, పైకి అనలేదంతే. ఆ తల్లి మాత్రం కోటప్పకొండ స్వామికి మొక్కుతూ పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చునేదట.

నాన్న ఇంటికి వచ్చిన రోజు పండగే. ఆ సంబరం మధ్యలో ఆయన చొక్కా జేబులోంచి పసుపుతాడుకు కట్టిన వెండి తాయెత్తు తీసి చూపించి, దారిలో కలకత్తా దగ్గర మిలిటరీ ఆసుపత్రిలో చినబాబును చూశానని చెప్పాడు. కుడిచేతికి గాయమై రాయలేడట, తండ్రి మీద పంతంతో ఇంకొకరి చేత రాయించనూ లేదట. నాన్నను చూడగానే మాత్రం కరిగిపోయి, మెడలోంచి తాయెత్తు తెంపి, "మా అమ్మ కట్టింది, అమ్మ చేతికే ఇవ్వు, మధ్యలో ఇంకెవరికీ ఇవ్వొద్దు" అని ఒట్టు వేయించుకున్నాడట. అంటే నాన్న ఆ బజారు వెంట పెద్దింటి గుమ్మం దాకా వెళ్లి తీరాలి. వెళ్తాను, ఈ బూట్లతోనే వెళ్తాను అన్నాడు నాన్న.

ఇంకేముంది, ఇంట్లో సంబరమంతా ఎగిరిపోయింది. బూట్లతో నడిస్తే కొడతారు, పని మాన్పిస్తారు, పేట పేటంతా పస్తులుండాలి. నాయనమ్మ కొడుకు గడ్డం పట్టుకుని బతిమాలింది. "నీకు దణ్ణం పెడతా నాయనా, చావడి దాకా ఏసుకో, ఆడ ఇప్పి చేత్తో పట్టుకుపో. ఎవరు చూడొచ్చార్రా నీ బూట్లు?" నాన్న మొండివాడే గానీ తల్లి మీద గొంతెత్తే రకం కాదు. "అమ్మా, ఇన్నేళ్లు గాడిదలతో పాటు బురదలో నడిచా. తెల్లదొర కూడా ఈటిని ఇప్పమన్లా. మనూళ్లో ఇప్పమంటే ఏంది న్యాయం?" అన్నాడు. ఈ వాదన నడుస్తుండగా మా తాత ఒక్క మాటా అనకుండా ఆ బూట్లు అందుకున్నాడు. దాచేస్తాడనుకుని నాయనమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆయన వాటిని తిప్పి చూసి, పెట్టెలోంచి సుత్తి తీసి, అరిగిన మేకుల పక్కన కొత్త మేకులు దించి, వదులైన లాడాలు బిగించి కొడుకు ముందు పెట్టాడు. మా తాత జీవితంలో చెప్పిన గొప్ప మాట అదేనని నా నమ్మకం.

మర్నాడు పొద్దున్నే నాన్న ఖాకీ బట్టలు, బూట్లు వేసుకుని బయలుదేరాడు. కొట్టేవాళ్లకు అడ్డం పడదామని నాయనమ్మ వెనకే, ఆవిడ చెయ్యి పట్టుకుని నేను. నాపరాళ్ల మీద మొదటి అడుగు పడగానే ఖణేల్‌మంది. ఆ బజారు అలాంటి చప్పుడు ఎరగదు. అరుగుల మీద చుట్టలు కాలుస్తున్నవాళ్లు లేచి నిలబడ్డారు, ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. చావడి దగ్గర ఒకాయన "ఏందిరా, కళ్లు నెత్తికెక్కినయ్యా? ఇప్పు" అన్నాడు. నాన్న ఆగలేదు, అడుగు వేగమూ మార్చలేదు, చూపు కూడా తిప్పలేదు. ఇద్దరు ముగ్గురు వెంటపడ్డారు. నాయనమ్మ నా చేతిని నలిపేస్తోంది. నాకు మాత్రం, నిజం చెబుతున్నాను, భయం లేదు. మా నాన్న నడుస్తుంటే ఊరంతా చూస్తోందని ఒళ్లంతా గర్వం.

పెద్దింటి దగ్గరికి వచ్చేసరికి అయ్య చేతికర్రతో మెట్లు దిగుతున్నాడు. అంతలో ఆయన వెనకనుంచి, ఆయన్ను పక్కకు నెట్టుకుంటూ, ఎప్పుడూ బజారులోకి రాని ఆ ఇంటి అమ్మగారు తల మీద ముసుగు జారిపోయినా పట్టించుకోకుండా "వచ్చావా నా తండ్రీ" అంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. ఊళ్లో బూట్ల చప్పుడంటే ఆ తల్లికి ఒకటే అర్థం. మా నాన్నను చూసి అక్కడే నిలబడిపోయింది. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

నాన్న మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. "చినబాబు బతికే ఉన్నాడమ్మా. చేతికి దెబ్బ, మానుతోంది. ఇది మీ చేతికే ఇమ్మన్నాడు" అన్నాడు. మావాళ్లు ఏదైనా ఇస్తే పైనుంచి జారవిడవాలి, తగలకూడదు. నాన్న అలాగే జారవిడవబోతే ఆవిడ తాయెత్తుతో సహా ఆయన చేతిని రెండు చేతులతో పట్టేసుకుని ఏడ్చింది. వెంటపడ్డవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కాసేపటికి తేరుకుని ఆవిడ, భర్త వైపు చూడనైనా చూడకుండా, అందరికీ వినపడేలా చెప్పింది. "నా కొడుకొచ్చిందాకా రోజూ పొద్దున ఇట్టాగే నడిచి పోరా అబ్బాయ్. ఆ చప్పుడు ఇంటుంటే నాకు ధైర్యంగా ఉంది."

నాన్న తలవంచి అన్న మాట మా ఇంట్లో పిల్లలందరికీ కంఠతా వచ్చు. "నడుస్తానమ్మా. ఆయనొచ్చినాక కూడా నడుస్తా."

తరవాత్తరవాత ఊళ్లో కొందరు ఆ అమ్మగారు దయతలిచి అనుమతి ఇచ్చిందని చెప్పుకున్నారు. ఆవిడ మంచి మనిషి, కాదనను. కానీ ఆవిడ బయటికి వచ్చేసరికి మా నాన్న బజారు సగం నడిచేశాడు. ఇది కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే గనక రాసి పెడుతున్నాను.

అన్నమాట ప్రకారం నాన్న రోజూ నడిచాడు. చినబాబు చెయ్యి మెడకు వేలాడదీసుకుని వచ్చేనాటికి బజారు చెవులకు ఆ చప్పుడు అలవాటైపోయింది. ముందు నాన్న స్నేహితులు, ఆ తర్వాత పేట కుర్రకారు, ఒకరి వెనక ఒకరు చెప్పులతో నడవసాగారు. చివరికి ఒక ఈస్టరు పొద్దున మా తాత తన కోసం తొలిసారి కుట్టుకున్న కిర్రు చెప్పులు తొడుక్కుని, కావాలనే నెమ్మదిగా, ఒక్కో అడుగూ కిర్రు కిర్రుమనిపిస్తూ ఆ బజారంతా నడిచి వచ్చి, మా క్రీస్తు గుడి ముందు చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. ఊరి బావి మాకు చానా ఏళ్ల దాకా దొరకలేదు, టీ కొట్టులో గ్లాసులూ వేరుగానే ఉండేవి, అవన్నీ వేరే పోరాటాలు. నాయనమ్మయితే చనిపోయేదాకా చావడి రాగానే అలవాటుగా వంగి చెప్పులు తీయబోయేది, నేను మోచెయ్యి పట్టుకుని లేపేదాన్ని.

నిన్న మా మనవరాలు గడప దగ్గర ఆ జత పక్కన నిలబడి, తెల్లటి రబ్బరు బూట్లు వేసుకుని, టీచరు ఉద్యోగంలో చేరడానికి బయలుదేరింది. ఏ ఊరనుకున్నారు, మా ఊరే, ఆ బజారు చివర ఉన్న బడే. కుడికాలి బూటు సంచీలో పెట్టుకుని నేనూ వెంట వెళ్లాను. కాలవ పని జరుగుతోందని, బస్సు దిగి ఎక్కిన ఆటోవాడు చావడి దగ్గరే ఆపేశాడు. పిల్ల ఫోనులో మాట్లాడుకుంటూ బజారు నడిమధ్య నడిచిపోతోంది. దాని కాళ్లకు ఏమున్నాయో చూసినవాడు లేడు, తనూ చూసుకోలేదు. నాన్న నడిచింది దీనికోసమే కదా అని నా కడుపు నిండిపోయింది. దానితోపాటే, ఈ వీధి ఎవరు ఎలా నడిచిన వీధో ఈ పిల్లకు కాళ్లతో తెలిసే దారి లేదే అని కాస్త దిగులూ వేసింది. నాపరాళ్లు పోయి సిమెంటు వచ్చింది. పెద్దింటి కింది వాటాలో ఎరువుల కొట్టు పెట్టారు. మెట్ల ముందు మాత్రం పాత రాయి ఒకటి మిగిలి ఉంది.

మనవరాలు అక్కడ ఆగి, ఫోను పెట్టేసి, "అమ్మమ్మా, ఆ చప్పుడు ఎట్టా ఉండేది?" అని అడిగింది. నేను బూటు తీసి, చెయ్యి లోపల పెట్టి, వంగి ఆ రాయి మీద కొట్టాను. తాత బిగించిన లాడం ఇంకా గట్టిగానే ఉంది, ఖణేల్‌మంది. మళ్లీ ఇంకా గట్టిగా కొట్టాను. కొట్టులో కుర్రాడు ఫోనులోంచి తలెత్తి, ముసలమ్మ ఏదో చేసుకుంటోందనుకుని మళ్లీ తల దించుకున్నాడు. ఒకప్పుడు ఈ చప్పుడుకు బజారు బజారంతా గుమ్మాల్లోకి వచ్చింది. నిన్న ఒక్కరూ బయటికి రాలేదు.