ఇస్త్రీ బాబాయి అద్దం మీద గీత

ఆవిరి మధ్య బతికేవాళ్లది ఒక ప్రత్యేకమైన తెగ. వంటవాళ్లు కానీ, రంగులద్దేవాళ్లు కానీ, ఏ ఊళ్లో చూసినా ఒకటే తీరు. మనిషి ఎదురైతే ముందు కళ్లజోడు తుడుచుకుంటారు, ఆ తర్వాతే పలకరిస్తారు. పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లూ బేరర్ల కోట్లూ ఇస్త్రీ చేసే బాబాయి ఆ తెగలో పెద్దమనిషి. అద్దాలు పెడితే మసక, తీస్తే ముడతలు కనబడవు. అందుకని ముడతల్ని వేళ్లతో, మనుషుల్ని గొంతుతో పోల్చుకునేవాడు. ఒకసారి మేనేజరంతటివాణ్ణి సబ్బుల బస్తా తెచ్చిన మనిషనుకుని, "అక్కడ దించవయ్యా" అన్నాడు కూడా.

బాబాయి బావమరిది కళ్లద్దాలకు పూతలు వేసే కార్ఖానాలో పని చేస్తాడు. ఒక సాయంత్రం బాబాయి చూపుకు సరిపోయే కొత్త కళ్లజోడు తెచ్చాడు.

"బావా, తడి చుక్కలు చుక్కలుగా నిలబడితేనే కదా మసక! ఈ పూత ఆ తడిని తాగేస్తుంది. ఎల్లుండి మా యజమాని చూస్తాడు. కాదన్నాడో, మా కష్టమంతా నీటిపాలే. ఉన్నది ఈ ఒక్క జతే. రేపు నీ ఆవిరిలో పెట్టుకుని చూడు. పూత మెత్తన, గీతలు పడతాయి. తుడవకు మాత్రం!"

"మసకే లేకపోతే ఎందుకు తుడుస్తాను? నాకేమన్నా పిచ్చా?"

"పిచ్చి కాదు, అలవాటు. నిద్రలో కూడా తుడుస్తారు మీరు," అంది ఇల్లాలు.

మర్నాడు ఇస్త్రీ యంత్రం మూత ఎత్తగానే ఆవిరి గుప్పున లేచింది. మసక రాలేదు! దుప్పట్లు మడిచే ఆవిడ ఎదురుగా కనబడింది. ఇన్నేళ్లుగా బాబాయికి తెలిసింది ఆవిడ గొంతే.

"ఏంటి బాబాయ్, అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?"

"నీకు సొట్టబుగ్గలున్నాయని నాకెవరూ చెప్పలేదేంటమ్మా!"

లాండ్రీ అంతా గొల్లుమంది. నవ్వీ నవ్వీ బాబాయికి కళ్లనీళ్లొచ్చాయి. ఇక చెయ్యి ఊరుకుంటుందా? చేతిలో ఏ బట్ట ఉంటే దానితోనే తుడుచుకోవడం ఇస్త్రీవాళ్ల అలవాటు. ఆ పూట చేతిలో ఉన్నది బేరరు కోటు. దానికి ఇత్తడి గుండీలు. అద్దం నడిమధ్య లోతుగా ఒక గీత పడింది.

బాబాయి తడిమి చూస్తే గీత గోటికి తగిలింది. బావమరిదికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అనుకుంటూ, ఆ కళ్లజోడుతోనే, ఆ ఆవిరిలోనే మిగిలిన కోట్లన్నీ ముగించాడు.

"ఒరేయ్, ఎంత తిడతావో తిట్టు. గుండీతో గీరేశాను," అన్నాడు ఇంటికొస్తూనే.

బావమరిది కళ్లజోడు లాక్కుని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు.

"గీత ఏది బావా?"

చూస్తే నిజంగానే లేదు!

"నీ మీద ఒట్టురా, ఇంత లోతున పడింది!"

బావమరిది అద్దాన్ని గోటితో తడిమి చూశాడు, నున్నగా ఉంది. తడికి పూత ఉబ్బి సన్న గీతలు పూడతాయని కార్ఖానాలో అందరికీ తెలుసు. అంత లోతుగా గీసి చూసే ధైర్యమే ఎవరికీ చాల్లేదు.

"మళ్లీ గియ్యి బావా, చూద్దాం."

"నా వల్ల కాదు. నువ్వే గియ్యి."

"అమ్మో, నాకు చేతులాడవు!"

"మీరిద్దరూ ఇలాగే కూర్చుంటే అద్దం ముసలిదైపోతుంది," అంటూ ఇల్లాలు కొప్పులోంచి పిన్ను లాగి కర్రున గీసింది. బావాబావమరుదులిద్దరూ కళ్లు మూసుకున్నారు. ఆవిడ అద్దాన్ని మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పట్టింది. మూడు తలలు దాని మీదికి వంగాయి. గీత సన్నబడి, వెంట్రుకంతై, లేకుండా పోయింది. బావమరిది బావను అమాంతం ఎత్తబోయి, ఎత్తలేక, ఇద్దరూ కలిసి మంచం మీద పడ్డారు.

మర్నాడు యజమాని ముందు కూడా ఆవిడే గీసింది. ఆయన మరిగే నీళ్ల మీద అద్దం పట్టుకుని, గీత మాయమయ్యేదాకా చూశాడు. తర్వాత తన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు దీనికి పూయండి," అన్నాడు.