మాడసామి అడిగిన కొలత

మొన్న పొద్దున మా మనవరాలు కొత్త తోలుచెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే కిర్రుకిర్రుమని చప్పుడైంది. "అబ్బ, ఈ చప్పుడు ఎప్పటికి పోతుందో" అని అది విసుక్కుంది. నా చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు మాడసామి గుర్తొస్తారు. కోవిల్‌పట్టి పక్కన, నల్లరేగడి ఊళ్ళో, మా అత్తవారింటికి చెప్పులు కుట్టిన మనిషి. ఇప్పుడు ఇలా మర్యాదగా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో, నాకు ఇరవై నిండకముందే, తండ్రి వయసున్న ఆయన్ని "మాడా, ఇట్లా రా" అని పిలిచేదాన్ని. రాయడానికి సిగ్గుగానే ఉంది.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. మా మామది పత్తి సేద్యం. అత్త అప్పటికే పోయారు. మా ఆయన విరుదునగర్‌లో పత్తి మండీలో ఉండేవారు, ఎప్పుడో ఆదివారాలకు వచ్చేవారు. మామకు దప్పిక ఎక్కువై, మనిషి చిక్కిపోతుంటే విరుదునగర్ డాక్టరుకు చూపించాం. చక్కెర జబ్బు, మా వైపు నీరిళివు అంటారు, అదేనని తేల్చాడు. మామ అన్నం తగ్గించి చోళ్ళ సంకటికి దిగారు, తాటిబెల్లం ముట్టడం మానేశారు. ఇన్నీ చేసిన మనిషి డాక్టరు చెప్పిన చివరి మాట మాత్రం చెవిని పెట్టలేదు. "ఈ జబ్బులో కాళ్ళకు స్పర్శ పోతుంది. అరికాళ్ళు ఎవరిచేతనైనా చూపించుకుంటూ ఉండండి" అన్నాడాయన. "నా కాలు ఒకడు చూసేదేంది?" అని మామ రైల్లోనే కొట్టిపారేశారు.

ఒకనాడు తోలుపట్టీ తెగిందని మామ పంపిన చెప్పును మాడసామి తిరిగి తెచ్చారు. వాకిట్లో గొడ్లతొట్టి దగ్గర ఆగారు. ఆయన కులం వాళ్ళు అంతకంటే ముందుకు రాకూడదు. ఊరందరికీ చెప్పులు కుట్టే మనిషి మా వీధిలో చెప్పులు వేసుకోనూ కూడదు. చుట్టుపక్కల అంతా తమిళమైనా, మా ఇంట్లో తెలుగే, వాళ్ళ ఇంట్లోనూ తెలుగే. అయినా మధ్యలో ఆ తొట్టి ఉండేది.

"సామీ, ఇది వేసుకోని ఎన్నాళ్ళు నడిస్తిరి?"

"మొన్నటిదాకా నడిచినా. ఏమిరా?"

"లోపల ఆణి లేచి నిలబడుండాది సామీ. సుట్టూ నెత్తురు ఎండిపోయుండాది. మీకు గుచ్చలేదా?"

"ఏ ఆణి?" అన్నారు మామ. మేకు అరికాల్లో దిగుతున్నా ఆయనకు తెలియలేదు. "ఒకసారి కాలు సూపించండి సామీ" అన్నారు మాడసామి. మామకు కోపం ముంచుకొచ్చింది. "చెప్పు కుట్టేవాడివి చెప్పు సూడు" అని లోపలికి వెళ్ళిపోయారు.

మరి ఎవరు చూడాలి? మాడసామి ముట్టుకోకూడదు. కోడలిని, నేను మామ కాళ్ళకు దణ్ణం పెట్టవచ్చు గానీ, అరికాలు ఎత్తి చూడటం తప్పు. ఆ తరువాతి శుక్రవారం మాడసామి మళ్ళీ వచ్చి, అమాయకంగా ముఖం పెట్టి, "ఈ జబ్బులో కాలు వాస్తాది, తగ్గుతాది సామీ. వారం వారం కొలత తీస్తేనే చెప్పు కరవకుండా ఉంటాది. నేను తీయకూడదు గదా, చిన్నమ్మ తీసిస్తే చాలు" అన్నారు. మామకు చెప్పులంటే మోజు. కొలతకేం, తీసుకోమన్నారు.

అలా నేను ఆయనకు చేతులయ్యాను. పచ్చి తాటాకు చీలికను మామ అరికాలికి ఆనించి, బొటనవేలి కొసన గోటితో గీత పెట్టేదాన్ని. తొట్టి దగ్గర నుంచి మాడసామి చెప్పేవారు. "కాలు ఎత్తి పట్టు చిన్నమ్మా. మడమ పగిలుండాదా? బొటనేలు కింద నొక్కు. వేడిగా ఉండాదా? ఏళ్ళ సందున తెల్లగా నానుండాదా?" నేను చూడకుండా ఊరికే తలూపితే పట్టేసేవారు. "కన్నొకటే సాలదమ్మా, ఏలు పెట్టి సూడు." రెండుసార్లు తుమ్మముల్లు దొరికింది, తీసి ఉప్పునీళ్ళతో కడిగాను. ఇదంతా నీకెలా తెలుసని అడిగాను ఒకసారి. "తోలు ఏడ గట్టిపడిందో, ఏడ పుచ్చిందో తెలీకపోతే నా పని ఎట్ల జరుగుతాదమ్మా?" అన్నారు. మామకు ఈ నాటకం తెలియదనుకోను. ఏడాదికి ఒక్క జత కుట్టించుకునే మనిషి వారానికొక కొలత ఇచ్చారు మరి.

రెండో ఏడు మా పెద్దవాడి చెవులు కుట్టించాం. శుక్రవారమే. నరికుడి ఊరి వైపు బంధువులతో ఇల్లు నిండిపోయింది. మాడసామి వేళకు వచ్చి తొట్టి దగ్గర నిలబడ్డారు. నేను తాటాకు పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళబోతుంటే, వరసకు అత్త అయ్యే ఒకావిడ అందరూ వినేలా, "ఏమే, చెప్పులు కుట్టేవాడు చెబితే మామ అరికాలు వాసన చూస్తావంట గదా?" అంది. పందిట్లో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి వెళ్ళి, ముందు వారం మాడసామి చూసి తిరిగిచ్చిన చీలిక గూట్లో ఉంటే తెచ్చి తొట్టి గట్టున పెట్టాను.

"సూసితివా చిన్నమ్మా?"

"చూసినా. ఏమీ లేదు."

ఆయన చీలిక తీసుకుని వేళ్ళతో వంచి చూశారు. తరువాత వెళ్ళిపోయారు.

మరుసటి శుక్రవారం మామ కాలు ఎత్తేసరికి వాసన కొట్టింది. కోసిన పత్తికట్టె మోడు చిటికెనవేలి కింద దిగి, చుట్టూ నల్లబడి ఉంది. ఆయన మాత్రం ఆ పొద్దున కూడా చేను చుట్టి వచ్చారు, నొప్పే లేదు. బండి కట్టించుకుని కోవిల్‌పట్టికి, అక్కడి నుంచి రైల్లో విరుదునగర్‌కు తీసుకెళ్ళాం. మోకాలి కింద తీసేయక తప్పలేదు. "వారం కిందట ఎవరూ చూడలేదా?" అని అడిగాడు డాక్టరు. "మా ఆవిడ ప్రతి వారం చూస్తుందండీ" అన్నారు మా ఆయన గర్వంగా.

ఇంటికొచ్చాక మామే మాడసామిని తొట్టి దాటి రమ్మన్నారు. "ఉండేది ఒకటే కాలు. నువ్వే పట్టుకోని సూడు" అన్నారు. ఊళ్ళో గుసగుసలాడుకున్నారు. మామ ఖాతరు చేయలేదు. మాడసామి చేతుల్లో ఆ కాలు నాలుగేళ్ళు చెక్కుచెదరకుండా ఉంది. చివరికి మామ జ్వరం వచ్చి పోయారు.

దినాలు అయ్యాక మాడసామి వచ్చారు. మామ లేరు గనుక మళ్ళీ తొట్టి దగ్గరే నిలబడ్డారు. నేనే అక్కడికి వెళ్ళాను. ఇక దాచుకోలేకపోయాను. "ఆ చెవులు కుట్టిన రోజు నేను చూడలేదు. అబద్ధం చెప్పినా."

"తెలుసమ్మా" అన్నారు. "ఆకు ఎండిపోయుండె. ముందు వారం గీతే."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

ఆయన తల వంచుకున్నారు. "ఇంటినిండా సుట్టాలు. చిన్నమ్మ అబద్దం సెప్పిందని ఈ మాడసామి సెబితే, నా ఈపున తోలు మిగిలుండునా అమ్మా?" ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు. అంతవరకూ మామ కాలు నా అబద్ధం వల్లే పోయిందని కుమిలిపోయేదాన్ని. మాడసామికి ఆ రోజు నోరు విప్పే వీలుండి ఉంటే, అబద్ధం చెప్పినా ఆ కాలు దక్కేది. ఆ వీలు లేకుండా చేసింది మేమే.

నాకూ ఇప్పుడు ఆ జబ్బే. పాదాలు రోజూ వేలు పెట్టి చూసుకుంటాను. మాడసామి వల్ల ఇంకొక అలవాటు కూడా అయింది. మా ఇంట్లో పనిచేసేవాళ్ళు గానీ, మరెవరు గానీ, నా మాటకు తల వంచుకుని "సరేనమ్మా" అని కదలబోతే ఆగమంటాను. లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడుగుతాను. మొదట చెప్పనిది చాలాసార్లు అప్పుడు చెప్పారు.