రేవులో ఆగిన తెల్లమన్ను

1961లో నేను బాగేపల్లిలోని ఒక వేరుశనగ నూనె మిల్లులో గుమాస్తాగా పనిచేస్తుండేవాణ్ణి. సంవత్సరం విషయంలో నాకు సందేహం లేదు. మిల్లులో వడపోత యంత్రం బిగించింది ఆ ఏడే. అంతవరకు నూనెను మందపాటి గుడ్డలో వడగట్టేవాళ్లం. ఎంత వడగట్టినా అడుగున మడ్డి దిగేది. బెంగుళూరు వ్యాపారి ఒకాయన, నూనె తేటగా ఉంటే ఆ ఏటి సరుకంతా తానే కొంటాననీ, లేకుంటే చింతామణి మిల్లుల వైపు పోతాననీ తేల్చి చెప్పాడు. ఆ మాట మీద మా యజమాని యంత్రం తెప్పించాడు. యంత్రం ఒక్కటే చాలదు. దాని గుడ్డల మీద ఒక రకం తెల్లమన్నును పొరగా పట్టించాలి.

నీళ్ల అడుగున కంటికి కనిపించని ప్రాణుల గుల్లలు యుగాల తరబడి పేరుకుంటే ఏర్పడే మన్ను అది. చేతిలోకి తీసుకుంటే పిండికన్నా తేలిక. విదేశం నుంచి రావాలి. కిందటేడు పరీక్ష కోసం ఒక్క బస్తా వచ్చింది. పాత గుడ్డల మీదే పట్టించి చూస్తే బాగా పనిచేయడంతో, ఈసారి యంత్రం కోసం నలభై బస్తాలు తెప్పించాం. అవి మద్రాసు రేవులో ఆగిపోయాయి.

సుంకాల పట్టికలో ఆ మన్నుకు రెండు చోట్లు ఉండేవి. తవ్వి, ఎండబెట్టి, పొడి చేసినది సహజ ఖనిజం; సుంకం తక్కువ. కొలిమిలో కాల్చి గుణం మార్చినది తయారైన సరుకు. సుంకం మేము మోయలేనంత. మా కాగితాల్లో మన్ను అని ఉంది గాని, కాల్చినదో కాదో రాసి లేదు. కిందటేటి బస్తాను సుంకంవాళ్లు సహజ ఖనిజంగానే వదిలారు. కాబట్టి ఆ పాత మన్నులోంచి నమూనా తెచ్చి చూపితే, రెండూ ఒకటేనని తేలితే, దీన్నీ అలాగే వదులుతామన్నారు. సరుకు విడిపించే ఏజెంటు ఈ సంగతి రాసేనాటికి పొలాల్లో వేరుశనగ పీకడం మొదలైంది. మన్ను రాకపోతే యంత్రం నడవదు, వ్యాపారి నిలవడు, మిల్లు ఆ ఏటికి మూతపడుతుంది. దాని మీద బతికే పదకొండు మందిలో నేనొకణ్ణి.

పాత బస్తా యజమాని ఇంట్లో ఉండేది. చెమ్మ తగలకూడదని రాగుల గదిలో పెట్టించాం. నేను ప్రయాణానికి సిద్ధమై వెళ్లేసరికి యజమాని తల్లి ఒక డబ్బా నింపి మూత బిగించి ఉంచింది. యజమాని దాని మీద లక్క ముద్ర వేశాడు.

"భద్రం అప్పా," అన్నదామె నాతో. "దూరం పోయేది. చెడకుండా చూసే కట్టిండాను."

"మన్ను యాడైనా చెడతాదా అమ్మా?" అన్నాడు యజమాని.

"నీకేం తెలుసు, నువ్వు గమ్మునుండు."

చిక్కబళ్లాపురంలో బస్సు మారి, బెంగుళూరులో రైలెక్కి మద్రాసు చేరాను.

సుంకం కార్యాలయంలో సరుకు ఏ తరగతిదో నిర్ణయించే అధికారి ఒకరు, పరీక్ష చేసే రసాయన శాస్త్రజ్ఞుడు ఒకరు ఉన్నారు. నా ఎదుటనే ముద్ర పగలగొట్టి, మా మన్నును తెల్లకాగితం మీద పోశారు. పక్కన రేవు బస్తాలోని మన్ను పోశారు. రేవుది తెలుపులో బూడిద రంగు. నేను తెచ్చినది లేత ఇటుక రంగు.

"ఇది కాల్చిన మన్ను," అన్నాడు అధికారి. "అంటే కిందటేడు తయారైన సరుకును సహజమని చెప్పి తెప్పించుకున్నారు. ఈ నలభై బస్తాల సంగతి తర్వాత. ముందు ఆ ఒక్కదానికి జవాబు చెప్పండి."

రసాయన శాస్త్రజ్ఞుడు రెండింటినీ తూచి పరీక్షించాడు. రేవు మన్నులో చెమ్మ ఉంది, మా దానిలో దాదాపు లేదు. అంకెలు అధికారి మాటనే బలపరిచాయి. అంకెలకు ఎదురు చెప్పే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

తర్వాత ఆయన మా మన్ను చిటికెడు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. చాలాసేపు చూసి, తల ఎత్తకుండానే అడిగాడు. ఆయనది నెల్లూరు మాట.

"ఏమయ్యా, మీ ఊళ్లో మన్నులో రాగిపిండి కలుపుకుంటారా?"

"లేదు సార్."

"మరి ఇందులో ఉండేదేంది? నువ్వే చూడు. మాడిన రాగిపిండి."

చూశాను. సన్నటి జల్లెడ ముక్కల్లాంటి గుల్లల నడుమ నల్లటి రేణువులు ఉన్నాయి. జరిగినదేమిటో అప్పుడు అర్థమైంది. మా వైపు ఊరు దాటి పోయే పిండిని వేయించకుండా పంపరు. పచ్చిపిండి దారిలో పురుగు పడుతుందని. కూతురింటికి పోయే పిండైనా అంతే, మురుగమల్ల దర్గా మొక్కుకు మూటగట్టుకునే పిండైనా అంతే. ఆ తల్లి కంటికి ఇదీ ఒక పిండే. రాగిపిండి వేయించే మంగలంలోనే దీన్నీ వేయించింది.

ఆ మాటే చెప్పాను.

"కథ బాగుంది," అన్నాడు అధికారి. "మన్నును వేయించేవాళ్లు ఉంటారా?"

"మా అమ్మయితే ఉప్పు కూడా వేయించి పంపిద్ది సార్," అన్నాడు రసాయన శాస్త్రజ్ఞుడు. "కొంచెం ఆగండి, చూద్దాం."

భోజనాల వేళ. గదిలోని మిగతావాళ్లు లేచి వెళ్లారు. ఆయన వెళ్లలేదు. రేవు మన్ను కొంత పింగాణీ గిన్నెలో పోసి, వంటపొయ్యి సెగకు మించకుండా వేడి చేశాడు. బూడిద రంగు మెల్లగా విరిగి ఇటుక ఛాయకు తిరిగింది. తూచి చూస్తే చెమ్మ పోయింది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెడితే ఏది మాదో నేను గుర్తుపట్టలేకపోయాను.

"కొలిమిలో కాల్చి ఉంటే గుల్లల అంచులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి," అని ఆయన అధికారికి చూపించాడు. "రెండిట్లోనూ ఒక్కటీ అతుక్కోలా. ఇది వంటింటి సెగే సార్."

అధికారి సూక్ష్మదర్శినిలో చూశాడు. నా ముఖం కేసి చూసి, మళ్లీ వంగి చూశాడు. పాతదీ కొత్తదీ సహజ ఖనిజమేనని రాసి సంతకం పెట్టాడు.

ఆ రసాయన శాస్త్రజ్ఞుడు కాల్చినదని రాసి భోజనానికి వెళ్లిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. రంగు అదే చెప్పింది, తూకం అదే చెప్పింది. ముక్కూ మొహం తెలియని గుమాస్తా మాటకు ఆయన ఇంకొక పరీక్ష చేశాడు. మెట్ల దగ్గర నమస్కారం పెడితే, "పోయి ఏమైనా తినవయ్యా, ముఖం వాడిపోయింది," అన్నాడు. ఆ తర్వాత నేను చేసిన ఉద్యోగాలన్నీ ఆ మిల్లులో నిలిచిన పేరు మీద దొరికినవే. కాబట్టి ఆయనకు నేను ఎంత రుణపడ్డానో లెక్కగట్టే ప్రయత్నం మానుకున్నాను.

బస్తాలు చిక్కబళ్లాపురం దాకా రైలులో, అక్కడి నుంచి లారీలో వచ్చాయి. దించుతుండగా యజమాని తల్లి వాకిట్లోకి వచ్చింది.

"అమ్మా, నీ వంట మద్రాసులో అద్దాలు పెట్టి చూసినారంట," అన్నాడు యజమాని.

"చూస్తే చూసినారు. పురుగు ఉండాదన్నారా?"

"లేదమ్మా," అన్నాను నేను.

"ఇంకేం మల్ల," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

యంత్రం తిప్పిన మొదటి రోజు బెంగుళూరు వ్యాపారి వచ్చి కూర్చున్నాడు. మొదటి బకెట్టు మడ్డిగానే దిగింది. యజమాని నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. గుడ్డ మీద మన్ను పొర సర్దుకున్నాక ధార రంగు మారింది. వ్యాపారి ఒక గాజు గ్లాసు నింపి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. గ్లాసు వెనక ఆయన వేళ్ల గీతలు మాకు కనిపించాయి. బాగుందని గాని, బాగాలేదని గాని అనలేదు. డబ్బాలు ఎప్పటికి నింపుతారని మాత్రం అడిగాడు.